వెనక మడ్‌గార్డు సొట్ట

పళ్ళమ్మ ఎడమ అరచేతిలో బొమ్మ యుద్ధట్యాంకు తలకాయ ఒదిగి ఉంది. దాని మీద పల్చగా పూసిన పుట్టీ ఆరేలోగా, కుడిచేతిలోని అరిగిపోయిన టూత్‌బ్రష్‌తో టకటకా పొడుస్తోంది. నున్నటి ప్లాస్టిక్ మీద సన్నటి గరుకు లేస్తోంది. అసలు ట్యాంకులో ఈ తలని, అంటే ఫిరంగితో పాటు గిర్రున తిరిగే పైభాగాన్ని, ఇసుక అచ్చులో పోతపోస్తారు. పోతపోసిన ఉక్కు నున్నగా ఉండదు. పెట్టెలో ముక్కలు సర్ది అమ్మిన కంపెనీకి ఆ సంగతి పట్టలేదు. పళ్ళమ్మకి పట్టింది.

ఆవిడ వృత్తి పళ్ళ సెట్లు చేయడం. వీధి చివరి పళ్ళ డాక్టరు గారికి ముప్ఫై ఏళ్ళుగా సెట్లు చేసి ఇస్తోంది. ఇంటి వెనక గదే వర్క్‌షాపు. కిటికీ కింద పొడుగాటి బల్ల, మైనం కరిగించే దీపం, పాలిష్ చక్రం, గోడ పొడుగునా అరల్లో ఊళ్ళోవాళ్ళ దవడల ప్లాస్టరు అచ్చులు. ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళు ఆ వీధిలో ముగ్గురుంటే గొప్ప.

ఈ ముప్ఫై ఏళ్ళలో ఆవిడ చేయి తిరిగింది ఒక్క విద్యలో. కొత్తదాన్ని పాతదిగా చేయడం. డెబ్భై ఏళ్ళ ముఖంలో పద్దెనిమిదేళ్ళ పళ్ళు పెడితే, ఎదుటివాళ్ళు ముందు పళ్ళని పలకరించి ఆ తరవాత మనిషిని పలకరిస్తారు. అందుకని ఆవిడ ఒక పన్ను వెంట్రుకవాసి వంకరగా నిలబెడుతుంది. చిగురు దగ్గర కాస్త పసుపు ఛాయ వేస్తుంది. నమిలే వైపు అంచుని ఓ పిసరు అరగదీస్తుంది. పెట్టుకున్న ప్రతి మనిషీ అద్దంలో చూసుకుని, "ఇంకాస్త తెల్లగా రావా?" అనే అడుగుతాడు. నెల పోయాక వచ్చి, "పెట్టుడు పళ్ళని ఒక్కరూ కనిపెట్టలేదమ్మా!" అని, అదేదో తన ప్రతాపమైనట్టు చెప్పిపోతాడు.

ట్యాంకుల పిచ్చి పట్టి పన్నెండేళ్ళయింది. మూసేస్తున్న ఒక దుకాణంలో చివరి పెట్టె అంటే తెచ్చుకుంది. లోపలి కాగితం ఏ భాషలో ఉందో తెలియలేదు. బొమ్మలు చూసి అతికించింది. మొదటి ట్యాంకుకి చక్రాలు తిరగబడ్డాయి. రెండోదానికి ఫిరంగి వంగింది. మూడోదాన్ని చూసి ఆవిడ భర్త, బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైన ఆయన, "ఇది బావుందే" అన్నాడు. ఆయన ఇచ్చిన పెద్ద మెప్పు అదే, చివరిదీ అదే. నాలుగోదానికి ఆవిడ బురద పూస్తుంటే ఆయన నోరు ఊరుకోలేదు.

"కంట్రోలరుగా నేను నూట ఇరవై బస్సులు చూసుకున్నాను. ఒక్కదానికీ బురద పూయమని ఎవరూ చెప్పలేదు. కడగమనేవారు."

"మీ బస్సులకి బురద నేను పూయక్కర్లేదండీ. రోడ్లు పూసేవి."

ఇప్పుడు చేతిలో ఉన్నది మాత్రం సరదాకి చేస్తున్నది కాదు. మాజీ సైనికుల సంఘం హాల్లో గాజుపెట్టె ఒకటి ఖాళీగా ఉంది. అందులో పెట్టడానికి, తాను యుద్ధంలో ఎక్కిన ట్యాంకునే ముప్ఫై అయిదో వంతుకి కుదించి చేసి ఇమ్మని సంఘం అధ్యక్షుడు మేజరు గారు స్వయంగా వచ్చి అడిగారు. మనిషి నిటారుగా ఉంటారు. కుర్చీలో కూర్చున్నా నిలబడ్డట్టే ఉంటారు. ఒక ఫోటో, ఏమేం ఉండాలో రాసిన కాగితం బల్ల మీద పెట్టారు.

"ముందు భాగంలో, ఎడమ పక్క, శత్రువు గుండు తగిలిన దెబ్బ ఉండాలమ్మా. పెద్దదిగా ఉండాలి. ఎదురుగా వచ్చింది, ఎదురుగానే తీసుకున్నాం. మిగతాదంతా శుభ్రంగా, రంగు మెరుస్తూ ఉండాలి."

"యుద్ధంలో మెరిసిందాండీ?"

"మా ట్యాంకు ఎప్పుడూ మెరిసేది" అన్నారు మేజరు గారు. ఆ ట్యాంకుని తుడిచింది ఎవరో ఆయన చెప్పలేదు.

పుట్టీ ఆరాక పళ్ళమ్మ ఫోటో తీసి భూతద్దం కింద పెట్టింది. ఎప్పుడూ చేసే పనే. అడిగినవాడు ఏం చెప్పినా ముందు నోట్లోకి చూసి గానీ మైనం ముట్టదు. యుద్ధం ఆగిన మూడోరోజు తీసిన ఫోటో అని వెనక రాసి ఉంది. ట్యాంకు ముందు యువకుడైన మేజరు, నడుం మీద చేతులు. ట్యాంకు ముందు భాగం, ఎడమ పక్క పూర్తిగా కనబడుతున్నాయి. గుండు తగిలిందన్న చోటంతా బురద. దానికి నాలుగు వేళ్ళ దూరంలో హెడ్‌లైటు ఉంది. దాని అద్దం పగల్లేదు. అందులో ఎండ తళుక్కుమంటోంది.

ఆవిడ భూతద్దాన్ని పక్కకి జరిపింది. ట్యాంకు పక్కభాగానికి మూడు ఇనప క్లిప్పులున్నాయి. బురదలో దిగబడ్డ బండ్లని లాగడానికి ప్రతి ట్యాంకూ ఒక లావుపాటి ఇనప కేబులు మోసుకు తిరుగుతుంది. ఆ కేబులు ఉండాల్సిన చోటు అది. మూడు క్లిప్పులూ తెరుచుకుని ఖాళీగా ఉన్నాయి.

ఆవిడ మేజరు గారికి ఫోను చేసింది.

"కేబులు ఎక్కడుందండీ?"

"దాని చోట్లో ఉంటుంది."

"ఫోటోలో లేదండీ. క్లిప్పులు తెరిచి ఉన్నాయి. హెడ్‌లైటు అద్దం కూడా పగల్లేదు మరి."

"కేబులు పెట్టేయండమ్మా. ఎవరు చూస్తారు? ఎంతయినా బొమ్మే కదా!"

ఫోను పెట్టేశాక పళ్ళమ్మ ఆ పూట ట్యాంకు ముట్టుకోలేదు. ఎవరిదో పై దవడ సెట్టు తీసుకుని అవసరానికి మించి పాలిష్ పట్టింది.

మర్నాడు ఉదయం పదింటికి ఒక పెద్దాయన వచ్చాడు. డాక్టరు గారు చీటీ ఇచ్చి పంపారు. కింది సెట్టు రెండు ముక్కలైంది, కొత్తది చేయాలి. దవడ కొలత తీయడం డాక్టరు గారు ఎప్పుడో పళ్ళమ్మకే వదిలేశారు. ఆవిడ గిన్నెలో గులాబీరంగు ముద్ద కలిపి, ఇనప అచ్చులో నింపి, పెద్దాయన నోట్లో పెట్టి అదిమింది.

"నాలుగు నిమిషాలు కదలకండి బాబాయి గారూ. మాట్లాడకండి. ముక్కుతో గాలి పీల్చండి."

పెద్దాయన బుద్ధిగా తల ఊపబోయి, మానేసి, కళ్ళతో గదంతా చూశాడు. దవడల అరలు చూశాడు. పాలిష్ చక్రం చూశాడు. చూపు బల్ల చివరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"ఊఁ!" అన్నాడు.

"కదలొద్దన్నానా!"

ట్యాంకు ముందు భాగంలో, గుండు దెబ్బకోసం ఆవిడ పెన్సిలుతో గీసుకున్న గుండ్రటి గుర్తు ఉంది. పెద్దాయన దానివైపు వేలు చూపించి అడ్డంగా ఊపాడు. వేలు గాల్లో చుట్టుతిప్పి ట్యాంకు వెనక్కి పోనిచ్చి, కుడివైపు అంచు దగ్గర గుచ్చి గుచ్చి చూపించాడు. "ఊఁహూఁ, ఊఁ, ఊఁ!" కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి ముద్ద వల్లో మరెందువల్లో తెలీదు. పళ్ళమ్మ ఒక చేత్తో ఆయన గడ్డం కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో గడియారం చూపించింది. ఒక మనిషి యాభై ఏళ్ళు ఆగిన మాట ఇంకో రెండు నిమిషాలు ఆగాల్సి వచ్చింది.

అచ్చు బయటికి రాగానే ఆయన నోరు కూడా పుక్కిలించలేదు.

"దెబ్బ ముందు కాదమ్మాయీ, వెనక! కుడి మడ్‌గార్డు! నేను నడిపిన బండి అది, నాకు తెలీదా? ఎవరు చెప్పారు నీకు ముందని?"

"మేజరు గారు."

పెద్దాయన చల్లబడిపోయాడు. నెమ్మదిగా నోరు కడుక్కున్నాడు. పళ్ళు లేని నోటితో ఒక్కో మాటా మెత్తగా వచ్చింది.

"సంఘంలో నన్నేమని పిలుస్తారో తెలుసా? రివర్సు. నేను గుమ్మంలోకి రాగానే, 'రివర్సు వచ్చాడ్రోయ్, వెనకాల చూసుకోండి' అంటారు. నేనూ నవ్వుతాను. ఏం చేస్తాం, టీ వాళ్ళే ఇప్పిస్తారు."

"ఎందుకా పేరు?"

"వాగు దాటుతున్నాం. ఒకటే వాన. వెనకొచ్చే ట్యాంకు బురదలో దిగిపోయింది. లోపల నలుగురు. నీళ్ళు పైకొస్తున్నాయి. మా సారు, అదే నువ్వన్న మేజరు గారు, పైన మూత వేసుకుని కూర్చుని, 'ముందుకి, ముందుకి' అని అరుస్తున్నాడు. నేను వెనక్కి పోనిచ్చాను. దిగి, కేబులు తీసి తగిలించాను. ఆ వానలో ఏం కనబడుతుంది? వెనక్కి వస్తుండగానే మా మడ్‌గార్డు వెళ్ళి దాని ముక్కుకి గుద్దుకుంది. అదే సొట్ట. లాగాను. వాళ్ళ బండి గట్టెక్కే ఆఖరు క్షణంలో కేబులు తెగిపోయింది. ముక్క ఒకటి మా వెనక కొక్కేనికే ఉండిపోయింది."

"ఆ నలుగురూ?"

"బతికారు. వాళ్ళ దళం వేరు. మర్నాడే ఇంకో దిక్కుకి పంపేశారు. నా సర్వీసు పుస్తకంలో మాత్రం 'ఆర్డరు లేకుండా వెనక్కి నడిపాడు' అని ఎక్కింది. అక్కణ్ణించి రిటైరయ్యేదాకా వంట సామాన్ల లారీయే నడిపాను."

పళ్ళమ్మ ముద్దలో పడ్డ దవడ గుర్తుని వెలుగులో పెట్టి చూస్తోంది. గుర్తు చక్కగా వచ్చింది.

"ఇదంతా పాతపడిపోయింది తల్లీ. నేనూ మర్చిపోయాను. కానీ మొన్న మా మనవరాల్ని స్కూలువాళ్ళు ఆ హాలుకి తీసుకెళ్ళారు. గాజుపెట్టె పక్కన గోడకి ఒక కాగితం ఉంటుంది. 'డ్రైవరు భయపడి వెనక్కి నడపగా, కమాండరు ధైర్యం చెప్పి ముందుకు నడిపించెను' అని. పిల్ల ఇంటికొచ్చి అడిగింది, 'తాతా, ఆ డ్రైవరువి నువ్వేనా? భయపడ్డావా?' అని. ఇప్పుడు ఆ కాగితం పక్కన నీ ట్యాంకు పెడతారు, ముందు దెబ్బతో. ఇక ఎవరడిగినా అదే నిజం."

"మనవరాలికి ఏం చెప్పారు?"

"పళ్ళు విరిగాయి, తరవాత మాట్లాడతానని చెప్పాను."

మధ్యాహ్నం భోజనం దగ్గర భర్త అంతా విని తేల్చేశాడు. "అడిగింది అడిగినట్టు చేసి పంపెయ్. వాళ్ళ యుద్ధం వాళ్ళిష్టం. నీకెందుకే?"

"అడిగినట్టు తెల్లగా చేసి ఎవరికైనా పంపించానా ఎప్పుడైనా?"

"అవి పళ్ళు."

"పళ్ళు అబద్ధమైతే ఊడిపడేది ఒక్కడికే."

ఆయన మళ్ళీ కూర వడ్డించుకున్నాడు. పెళ్ళాంతో వాదన తెగినప్పుడల్లా ఆయన చేసే పని అదే.

పళ్ళమ్మ పెద్దాయన మాటనీ ఊరికే నమ్మలేదు. భూతద్దంతో మళ్ళీ కూర్చుంది. పగలని హెడ్‌లైటు మేజరు గారి మాటని ఒప్పుకోదు. ఖాళీ క్లిప్పులు పెద్దాయన మాటని ఒప్పుకుంటాయి. చూసినంతమేరకి అదీ లెక్క. పెన్సిలు గుర్తుని తడిగుడ్డతో తుడిచేసింది.

తరవాతి పది ఉదయాలూ సెట్ల పని మొదలుపెట్టేముందు రెండేసి గంటలు ట్యాంకుకే పోయాయి. పెట్టెలో వచ్చిన మడ్‌గార్డు దళసరి ప్లాస్టిక్. దానికి సొట్ట పడదు, పగులుతుంది. పళ్ళ ఎక్స్‌రే ఫిల్ము కవర్లలో పల్చటి సీసపు రేకు ఉంటుంది. డాక్టరు గారి దగ్గర పోగుపడ్డ ఆ రేకుల్లోంచి ఒకటి తెచ్చి, మడ్‌గార్డు ఆకారానికి కత్తిరించి అతికించింది. సొట్టని సుత్తితో కొట్టలేదు. ఏ బండి ఎలా గుద్దుకుందో అలాగే పడాలని, బురదలో దిగిన ట్యాంకు ముక్కు ఆకారాన్ని ప్లాస్టరుతో పోసుకుని, దాన్ని రేకుకి ఆనించి బొటనవేలితో నెమ్మదిగా తోసింది. రేకు మొదట మడతపడి, తరవాత లోపలికి పోయి, అంచు దగ్గర పైకి లేచింది. ఆవిడ ముఖం వెలిగింది.

పళ్ళకి కట్టే సన్నతీగలు ఏడు కలిపి పురిపెట్టి కేబులు చేసింది. ఒక్కో పోగునీ వేరువేరు చోట తెంపింది. లాగగా తెగిన తాడు పోగులన్నీ ఒక్కచోట తెగవు. ఆ ముక్కని వెనక కొక్కేనికి వేలాడదీసింది. పక్కనున్న క్లిప్పులు మూడూ తెరిచి వదిలేసింది. క్లిప్పుల కింద రంగుని చిన్న స్పాంజి ముక్కతో చెరిపి, లోపలి ఉక్కు బయటపడ్డట్టు చేసింది. ప్లాస్టరు పొడి, రంగు మట్టి, జిగురు కలిపి, పాత కుంచె వెంట్రుకలు కత్తిరించి వేసి బురద చేసింది. చక్రాల మీద తడి బురద, పైకి పోయేకొద్దీ ఆరిన బురద, వాన కారిన చోట చారలు. ముందు హెడ్‌లైటులో మాత్రం చిన్న గాజుపూస పెట్టి శుభ్రంగా తుడిచింది.

పెద్దాయన కొత్త సెట్టు బిగింపుకి వచ్చినప్పుడు ముందు నోరు తెరవలేదు. ట్యాంకు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చిటికెనవేలి గోరు సొట్టలో పెట్టి చూశాడు.

"ఇంకొంచెం లోపలికి పోవాలి."

"ఎంత?"

"అసలు దాంట్లో నా మోచెయ్యి పట్టేది."

ఆవిడ లెక్కేసుకుని ఇంకో వెంట్రుకవాసి తోసింది. ఆయన మళ్ళీ గోరు పెట్టాడు. తల ఊపాడు. సెట్టు పెట్టుకుని, అద్దం ఇస్తే చూసుకుని, "ఇంకాస్త తెల్లగా..." అని, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు.

"హాలుకి రండి బాబాయి గారూ, ఆదివారం."

"వద్దమ్మా. సారు కోప్పడతాడు. మళ్ళీ అందరూ నవ్వుతారు."

"నవ్వితే నా పని చూసి నవ్వుతారు. రండి."

ఆదివారం సాయంత్రం నాలుగింటికి హాల్లో ముప్ఫై కుర్చీలూ నిండాయి. పెద్దాయన ఆఖరి వరసలో గోడవారగా కూర్చున్నాడు. పళ్ళమ్మ అట్టపెట్టె విప్పి ట్యాంకుని బల్ల మీద పెట్టింది. మేజరు గారు వంగి ముందు భాగం చూశారు. అక్కడ దెబ్బ లేదు. చుట్టూ తిరిగి వెనక భాగం చూశారు. నిటారు మనిషి వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

"ఇదేమిటమ్మా?" అన్నారు గొంతు తగ్గించి.

"మీ ఫోటోలో ఉన్నదేనండీ. ఫోటోలో పడనిది బండి నడిపినవారిని అడిగాను."

ఆయన ఇంకేదో అనేలోగా మొదటి వరసలోంచి బక్కపల్చటి ముసలాయన ఒకడు లేచి వచ్చాడు. రెజిమెంటు వర్క్‌షాపులో మేస్త్రిగా చేసినవాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు.

"ఓరి నాయనో! ఈ సొట్ట తీసింది నేనేనండీ! సగం రోజు పట్టింది. ఈ కేబులు ముక్క కొక్కెంలో బిగుసుకుపోతే రంపంతో కోశాను. ఎవరమ్మా చేసింది? నువ్వా? అక్కడున్నావా ఏంటి నువ్వు?"

కుర్చీలు కిర్రుమన్నాయి. ఒక్కొక్కరే లేచి బల్ల చుట్టూ మూగారు. "కేబులు తెగిందంటే దేన్నో లాగారు." "వెనక్కి పోతేనే కదా లాగేది." "మరి గుండు?" "గుండేదీ?" అందరి తలలూ మేజరు గారి వైపు తిరిగాయి.

మేజరు గారు నిటారుగా అయ్యారు. గొంతు సవరించుకున్నారు. యుద్ధంలో ఎలా ఉండేవారో గానీ, ఆ క్షణంలో మాత్రం ఆయన చాలా చురుగ్గా కదిలారు.

"అవును. వెనకాల మనవాళ్ళు నలుగురు మునిగిపోతున్నారు. వెనక్కి పోనివ్వమని నేనే ఆర్డరిచ్చాను. కొన్ని సంగతులు అప్పట్లో బయటికి చెప్పకూడదు. ఇన్నేళ్ళూ నా గుండెల్లోనే దాచుకున్నాను."

హాలంతా చప్పట్లు. మేస్త్రి అందరికంటే గట్టిగా కొట్టాడు. పళ్ళమ్మకి ఒళ్ళు మండింది. నోరు తెరవబోతూ ఆఖరి వరసకేసి చూసింది. పెద్దాయన లేచి నిలబడి ఉన్నాడు. చెయ్యి కొంచెం పైకెత్తి, ఆగమన్నట్టు ఆవిడకి సైగ చేశాడు. చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా చూశాడు.

"అయితే సార్," అన్నాడు కొత్తపళ్ళ మధ్య ఒక్కో అక్షరం స్పష్టంగా, "గోడమీద కాగితంలో మీ ఆర్డరు సంగతి రాలేదే! డ్రైవరు భయపడి వెనక్కి పోయాడని ఉంది. మీకే అన్యాయం జరిగినట్టుంది. మారిస్తే బావుంటుందేమో."

మేజరు గారు ఆయనకేసి చూశారు. ముప్ఫై మంది తనకేసి చూడటం కూడా చూశారు.

"మార్చాలి మరి" అన్నారు. "ఎవరోయ్, ఆ కాగితం తీసెయ్యండి. డ్రైవరు నా ఆర్డరు ప్రకారం వెనక్కి నడిపి, వానలో దిగి కేబులు తగిలించాడని రాయండి."

హాలు చూసుకునే గుమస్తా స్టూలెక్కి పిన్నులు పీకాడు. కాగితం చేతికి రాగానే నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఎవరో టీ కప్పు తెచ్చి పెద్దాయన చేతికిచ్చారు.

పళ్ళమ్మ ఆయన పక్కకి వెళ్ళింది. "ఆర్డరట! ఊరుకున్నారేం బాబాయి గారూ?"

"ఆర్డరు ఆయనే ఉంచుకోనీ అమ్మాయీ. ఆర్డరు మీద పోయినవాణ్ణి భయపడ్డాడనరు కదా. మా పిల్లకి అది చాలు." టీ ఒక గుటక వేశాడు. "దిగి కేబులు తగిలించానని కూడా రాయిస్తున్నాడు, విన్నావా? దానికి ఆయన ఆర్డరేం ఇవ్వలేదు మరి."

గుమస్తా గాజుపెట్టె మూత ఎత్తి పట్టుకున్నాడు. పళ్ళమ్మ రెండు చేతులతో ట్యాంకుని ఎత్తి, లోపలి చెక్క మీద, ఫిరంగి గుమ్మం వైపు ఉండేలా పెట్టబోయింది.

"అలా కాదమ్మా!" మేజరు గారు గబగబా వచ్చారు. "అటు తిప్పండి. వచ్చేవాళ్ళకి వెనక భాగం కనబడాలి. ముందు ఏముంది చూడ్డానికి?"

ఆవిడ ట్యాంకుని తిప్పి పెట్టింది. తెగిన కేబులు పోగుని వేలికొసతో ఒక్కటి సర్దింది. చేతులు బయటికి తీసుకుని, "ఇక దించండి" అంది గుమస్తాతో.